హయబుసా పెట్టెతో ఆదిలాబాద్‌కు

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు జనం పత్తి బేరానికో, బదిలీ మీదో, పెళ్లికో వెళ్తారు. నేను ఒక యుద్ధవిమానాన్ని దాని యజమానికి అప్పగించడానికి వెళ్లాను. వెంట మా అత్తమ్మ.

ముందు విమానం సంగతి చెప్పాలి. నేను పళ్ల డాక్టర్ని. సాయంత్రం క్లినిక్ మూశాక మోడల్ విమానాలు కడతాను. రెండో ప్రపంచయుద్ధం నాటి యుద్ధవిమానాలను అసలు కొలతలో నలభై ఎనిమిదో వంతుకు తగ్గించి, ముక్కలుగా అచ్చుపోసి, పెట్టెల్లో పెట్టి అమ్ముతారు. ఆ ముక్కలు కత్తిరించి, గీకి, అతికించి, రంగులు వేయాలి. రెక్క చాచితే రెండు జానలు కూడా రాని విమానానికి రెండు నెలలు పడుతుంది. కంపెనీలు ఏటా కొత్త అచ్చులు విడుదల చేస్తాయి. సినిమా అభిమానులు విడుదల రోజు కోసం చూసినట్టే మేమూ చూస్తాం.

ఈసారి ఒకేసారి రెండు కొత్తవి వచ్చాయి. ఒకటి బ్రిటిష్ వాళ్ల స్పిట్‌ఫైర్. నైజాం సర్కారు ఇచ్చిన సొమ్ముకు గుర్తుగా హైదరాబాదు పేరు పెట్టుకున్న దళం బర్మా మీద ఎగిరించిన రకం అది. ఆ దళం గుర్తులు కూడా పెట్టెలో ఇచ్చారు. నేను ఆర్డరు చేసింది దాన్నే. రెండోది అదే బర్మా ఆకాశంలో దానికి ఎదురు నిలిచిన జపాను విమానం, హయబుసా. ఆ మాటకు డేగ అని అర్థం. నా ఇంటికి వచ్చింది ఆ డేగ. అమ్మినాయన చీటీలు తారుమారు చేసి అంటించాడు. నా స్పిట్‌ఫైర్ ఆదిలాబాద్‌లో దిగంబర్‌రావు అనే ఆయన ఇంటికి చేరింది.

ఆయనే ఫోన్ చేశారు. పత్తి జిన్నింగ్ మిల్లు నడిపి, ఇప్పుడు కొడుక్కి అప్పజెప్పి ఇంట్లో విమానాలు కడుతున్నారు. మరాఠీ కలిసిన మెత్తటి మాట. అక్కా అనడానికి తాయి అంటారు.

"తాయి, కొరియర్‌ల మాత్రం పంపకుండ్రి. ఆ హయబుసా మీది అద్దం కోసమే నేను ఇన్నేండ్లు ఆగిన. పాత అచ్చులల్ల అది సోడాసీస తీరు మందం ఉండె. గిప్పుడు సన్నగ, సరిగ్గ వచ్చింది. అది పగిలితె మిగిలిందంత ఉండి ఏం లాభం?"

పైలట్ తల మీద గుడారంలా ఉండే అద్దపు కప్పును ఆయన అద్దం అంటున్నారు. నేనే తెచ్చిస్తానని మాటిచ్చాను. అత్తమ్మకు ధర్మపురిలో మొక్కు ఉంది. నిర్మల్ బొమ్మలు చూడాలని కూడా ఎప్పటినుంచో అంటోంది. మా ఆయనకు సెలవు దొరకలేదు. సర్వపిండి చేసి డబ్బాలో పెట్టుకుని, పెట్టెను బట్టసంచిలో వేసుకుని, చలికాలం పొద్దున మేమిద్దరమే కారులో బయల్దేరాం.

ధర్మపురి

గుడి దగ్గర రద్దీ లేదు. నరసింహస్వామి దర్శనం తీరిగ్గా అయింది. అత్తమ్మ గోదావరిలో మూడు మునకలు వేసి, చీర మార్చుకుని, మెట్ల మీద జుట్టు ఆరబెట్టుకుంటూ కూర్చుంది. పెట్టెను కారులో వదలబుద్ధి కాక సంచి భుజానే వేసుకుని వచ్చాను. పక్కన ఒక పెద్దాయన పులిహోర తింటూ మా సంచి వైపు చూశాడు.

"పూజ సామానా బిడ్డా?"

"కాదు బాపూ, విమానం," అన్నాను.

ఆయన తల ఊపి మళ్లీ పులిహోర మీద పడ్డాడు. గోదావరి ఒడ్డున కూర్చునేవాళ్లు దేనికీ పెద్దగా ఆశ్చర్యపోరని నాకు అనిపించింది.

అత్తమ్మకే ఆరాటం పుట్టింది. "ఇంత దూరం పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొస్తున్నవ్. ఏమున్నదో నాకు జర సూపెట్టు."

నా పేరుతో వచ్చిన పెట్టె కాబట్టి అప్పటికే ఒకసారి విప్పాను. మళ్లీ విప్పాను. రెక్కలు, తోక, అల్లంముక్కంత ఇంజను చూపించాను. అద్దాలు గీతలు పడకుండా విడిగా ఒక ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. ఆ కవరు చేతిలోకి తీసుకుంటే గలగలమంది. ఆ చప్పుడు చిప్స్ ప్యాకెట్ చప్పుడులాగే ఉంటుందని నాకు తట్టలేదు. మెట్ల పక్క గోడ మీద కూర్చున్న కోతికి తట్టింది.

అది వచ్చింది, లాక్కుంది, గోడ ఎక్కింది. అంతా నేను నోరు తెరిచేలోపే జరిగిపోయింది. కవరు చింపి, అద్దాల ఫ్రేము బయటికి తీసి, ఒక కొస నోట్లో పెట్టుకుని కొరికింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. రోజూ పళ్లతోనే పని కాబట్టి, ఏం విరిగిందో చూడకుండానే తెలిసింది.

అత్తమ్మ తడి జుట్టుతోనే కొబ్బరికాయల దుకాణానికి పరుగెత్తి డజను అరటిపండ్లు తెచ్చింది. ఒక్కోటి విసురుతూ, "తీస్కో తల్లీ, గది ఇడువు, గది తినేది గాదు," అని బతిమాలింది. మూడో పండుకు కోతి ఫ్రేమును వదిలేసింది. పులిహోర పెద్దాయన లేచి, మెట్ల సందులో పడినదాన్ని తీసి, పంచెకు తుడిచి నా చేతిలో పెట్టాడు.

ముందు అద్దం బాగానే ఉంది. వెనక్కు జరిగే కప్పు, దిగంబర్‌రావుగారు ఇన్నేళ్లు ఆగిన కప్పు, ఎడమవైపు నలిగి చీలిపోయింది. మధ్యలో తెల్లగా ఒక కోరపంటి గుర్తు.

లక్షెట్టిపేట

రాయపట్నం వంతెన మీద గోదావరి దాటాం. లక్షెట్టిపేటలో ఒక మెస్సులో భోజనానికి ఆగాం. పప్పు, వంకాయ, పచ్చిపులుసు, అడిగినంత అన్నం, ఎనభై రూపాయలు. మా కరీంనగర్‌లో పచ్చిపులుసులో బెల్లం వేస్తే అదేదో తప్పు చేసినట్టు చూస్తారు. ఇక్కడ కొంచెం తీపి తగిలింది. అత్తమ్మ రెండుసార్లు పోయించుకుంది. నేను మాత్రం అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

"ఆదిలాబాద్ పోయినంక చెప్తా. ఎదురుగా చెప్తే బాగుంటది," అన్నాను.

"ఎదురుంగ చెప్తె బాగుంటదా, ఇప్పుడు చెప్పనీకి భయమా?" అంది అత్తమ్మ. "ఆయన రేపటి దాన్క అద్దం వస్తదని సంబురంగ కూసుంటడు. ఆ సంబురం మీద నువ్వు పోయి పడ్తవా? ఇప్పుడే చెయ్ ఫోన్."

చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. అవతల ఆయన వెనక ఎక్కడో రేడియో పాడుతోంది.

"ఇగ మీరు రాకుండ్రి తాయి," అన్నారు చివరికి. గొంతు పెంచలేదు. "ఆ పెట్టె మీరే ఉంచుకోండ్రి. మీది నేను పంపిస్త."

ఫోన్ పెట్టేశారు. తిట్టినా బాగుండేదనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై ఆరేళ్ల దాన్ని, బొటనవేలి కణుపంత ప్లాస్టిక్ ముక్క కోసం మెస్సులో కూర్చుని ఏడుస్తున్నానా అని సిగ్గేసింది. కారు కరీంనగర్ వైపు తిప్పుదామన్నాను.

అత్తమ్మ చెయ్యి కడుక్కొచ్చి కొంగుతో తుడుచుకుంది. "ఆయనకు కోపమొచ్చింది, రాకుమన్నడు. కోపంల అన్నదానికి మనం బండి మలుపుకుంటమా? అట్లయితె మీ మామ అన్న మాటలకు నేను ఎన్నిసార్లు మా అవ్వగారింటికి పోవాలె? నడువు. నాకు నిర్మల్ సూడాలె."

జన్నారం

జన్నారం దారిలో పత్తి లారీలు ఎదురయ్యాయి. తాళ్లు బిగించినా పత్తి ఉబ్బి బయటికి వస్తోంది. రోడ్డు పక్క తుమ్మముళ్లకు తెల్లటి పోగులు చిక్కుకుని ఉన్నాయి. ఆ తర్వాత టేకు అడవి. ఆకులు పెద్దవి, ఎండి నేలంతా అప్పడాల్లా పరుచుకుని ఉన్నాయి. ఏదైనా జంతువు నడిస్తే ముందు చప్పుడు వినిపిస్తుంది, తర్వాత అది కనిపిస్తుంది. మాకు రెండు దుప్పులు కనిపించాయి. పులి గురించి అందరూ చెప్పారు, ఎవరూ చూడలేదు. పొద్దుగూకకముందే అడవి పక్క కాటేజీలో దిగి, సర్వపిండి తిని, దుప్పట్లు ముసుగు పెట్టుకుని పడుకున్నాం.

తెల్లారి వరండాలో చాయ్ తాగుతూ కూర్చున్నాను. అత్తమ్మ గిన్నెలో నుంచి తన పళ్లసెట్టు తీసి కడుగుతోంది. అది నేను చేసిందే. పైపళ్లు నోట్లో పెట్టుకోబోతూ వెలుగుకు ఎత్తి, మెతుకేమైనా ఇరుక్కుందా అని చూసింది. పొద్దుటి ఎండ ఆ గులాబీరంగు చిగురు గుండా అవతలికి కనిపించింది.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

మా క్లినిక్కుల్లో ఒక యంత్రం ఉంటుంది. పళ్లకు క్లిప్పులు తీసేసిన పిల్లలకు మళ్లీ పళ్లు వంకర పోకుండా అద్దంలాంటి తొడుగు ఇస్తాం. పళ్ల అచ్చు మీద సన్నటి ప్లాస్టిక్ పలకను వేడిచేసి దించి, గాలి లాగేస్తే ఆ పలక అచ్చుకు చర్మంలా అతుక్కుంటుంది. చల్లారాక కత్తిరిస్తే తొడుగు. పంటికి చేయగలిగినప్పుడు విమానానికి ఎందుకు చేయలేను? నిన్నంతా ఏడ్చాను గానీ ఇది తట్టలేదు.

"అత్తమ్మా, అద్దం నేనే చేస్తా."

"మరి నిన్న ఏమాయె?" అంది ఆమె పళ్లు పెట్టుకుని. అంతకుమించి మెచ్చుకోలు ఆమె దగ్గర దొరకదు.

నిర్మల్

నిర్మల్‌లో శ్రావణి ఉంది. డెంటల్ కాలేజీలో నాకు రెండేళ్లు జూనియర్. ఆమె క్లినిక్‌లో యంత్రం ఉంది, పలకలు ఉన్నాయి. అచ్చు ఒక్కటే లేదు. కోతి కొరికిన కప్పు లోపల మైనం నింపి చూశాను. నలిగిన వైపు నలిగినట్టే వచ్చింది. సగం చూసి మిగతా సగం చెక్కగలిగిన చెయ్యి కావాలి.

"చెక్కేటోళ్ల ఊరికే వచ్చినవ్ గదక్కా," అంది శ్రావణి.

బొమ్మలు చేసేవాళ్ల ఇళ్లు ఒకే వాడలో ఉన్నాయి. రాజన్న ఇంటి ముందు పొనికి చెక్కతో చేసిన జామకాయలు, సీతాఫలాలు, జింకలు వరసగా ఆరుతున్నాయి. ఆ చెక్క చేతిలోకి తీసుకుంటే తూకమే ఉండదు. అత్తమ్మ ఒక సీతాఫలాన్ని నిజమైనదే అనుకుని వాసన చూసింది. రాజన్న భార్య నవ్వి, "అందరు గట్లనే సూస్తరమ్మ," అంది.

నేను పని చెప్పగానే రాజన్న విరిగిన కప్పును అరచేతిలో పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"మేం పండ్లు చేస్తం, పక్షులు చేస్తం. గీంత సిన్నదాన్ని ఎన్నడు ముట్టలే మేడం. పొనికి మెత్తటి కట్టె, అంచు నిలవది."

"నిలవకుంటె మల్ల చెయ్యి," అంది అత్తమ్మ, అప్పటికే ఆయన అరుగు మీద చతికిలబడి. "మేం యాడికి పోతలేం."

మొదట చేసింది పెద్దదైంది. రెండోదాని అంచు ఆయన చెప్పినట్టే విరిగింది. అప్పటికి రాజన్నకు పట్టుదల వచ్చింది. లోపలికి వెళ్లి ఒక టేకు ముక్క తెచ్చాడు. నేను కప్పు బాగున్న వైపును మైనంలో ముద్ర తీసి ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి ఆనించి చూసుకుంటూ ఆయన ఆకురాయితో అరగదీశాడు. నేను కొలిచాను, ఆయన అరగదీశాడు. మధ్యలో పొరపాటున నేను ఆయన వేలిని కూడా కొలిచాను. ఇద్దరం నవ్వుకున్నాం. వాళ్ల ఇంట్లో మక్కరొట్టె, పుంటికూర, అంటే గోంగూర, పెట్టారు. మా వైపు పుంటికూరలో వెల్లుల్లి దంచి వేస్తాం, వాళ్లు నువ్వులపొడి కూడా చల్లారు. ఇంటికి వచ్చాక నేనూ అలాగే చేస్తున్నాను.

ఇక అచ్చు పూర్తవుతుందనగా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నేను మంగలను, దిగంబర్‌రావు ఇంటామెను. మీరు యాడున్నరు?"

నిర్మల్‌లో అని చెప్పాను.

"అయితె వస్తున్నట్టే. రాండ్రి. రాకుమన్నడట గద. అన్నప్పటి నుంచి ఆ ఇమానాల అర్రలనే కూసున్నడు, నిన్న భాకర్ రొట్టె సుత ముట్టలే. కోపం మీ మీద గాదు, అన్న మాట మీద. ఎట్ల పిలువాల్నో తెల్వక పరేషానైతున్నడు."

"ఆయనకు ఇప్పుడే చెప్పకండి," అన్నాను.

శ్రావణి క్లినిక్‌లో, రోగులు వెళ్లిపోయాక, టేకు అచ్చుకు నున్నగా పూత పూసి యంత్రంలో పెట్టాం. మొదటి పలక ముడతపడింది. రెండోదానిలో బుడగ వచ్చింది. మూడోదానికి శ్రావణి వేడి చూసుకుంది, నేను పిడి దించాను. పలక అచ్చు మీద వాలి, ఒక్క క్షణం వణికి, అతుక్కుంది. కత్తిరించి దీపానికి ఎత్తితే అవతల శ్రావణి ముఖం స్పష్టంగా కనిపించింది. జాగ్రత్తకు ఇంకో రెండు తీశాం. ఆ రాత్రి శ్రావణి ఇంట్లోనే పడుకున్నాం.

మహబూబ్ ఘాట్

నిర్మల్ దాటగానే రోడ్డు కొండెక్కుతుంది. ఘాట్ మీద కారు ఆపి వెనక్కి చూస్తే కింద చెట్లు, వాటి మధ్య నీళ్ల మెరుపు. అక్కడ కోతులు బారులు తీరి కూర్చున్నాయి. నేను కారు అద్దాలు దించలేదు.

ఇచ్చోడ దగ్గర ఆదివాసీ ఆడవాళ్లు చేసిన ఇప్పపువ్వు లడ్డూలు అమ్ముతుంటే కొన్నాం. ఇప్పపువ్వు అంటే మాకు సారాయే గుర్తొస్తుంది. లడ్డూ మాత్రం ఖర్జూరంలా, కొంచెం పొగవాసనతో ఉంది. అత్తమ్మ భయపడుతూ ఒకటి తిని, కాసేపు తన తల తిరుగుతోందేమో చూసుకుని, తిరగకపోయేసరికి ఇంకోటి తిన్నది.

ఆదిలాబాద్

ఊళ్లోకి అడుగుపెట్టగానే చలి మారింది. మధ్యాహ్నమే మఫ్లర్లు కట్టుకుని తిరుగుతున్నారు. దుకాణాల బోర్డుల మీద తెలుగు, మరాఠీ, ఉర్దూ. మార్కెట్ యార్డు బయట పత్తి బండ్లు రోడ్డంతా నిలిచి ఉన్నాయి.

తలుపు దిగంబర్‌రావుగారే తీశారు. పొడుగాటి మనిషి, స్వెట్టరు మీద శాలువా. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"బసా," అన్నారు. తర్వాత గుర్తొచ్చినట్టు, "కూసోండ్రి," అన్నారు.

మంగలగారు అత్తమ్మను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లారు. ఆయన లోపలికి వెళ్లి నా స్పిట్‌ఫైర్ పెట్టె తెచ్చారు. వేసిన టేపు వేసినట్టే ఉంది. "నేను ముట్టలే," అన్నారు. నన్ను గుచ్చాలని అనలేదు గానీ గుచ్చుకుంది.

నేను హయబుసా పెట్టె ఇచ్చాను. పైన రెండు చిన్న కవర్లు. ఒకదాంట్లో కోతి కొరికింది, ఇంకోదాంట్లో నేను చేసినవి. ఆయన మొదట విరిగినదాన్ని తీశారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. చనిపోయిన పక్షిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నారు. దాన్ని కవర్లో పెట్టేసి రెండో కవరు విప్పారు.

"ఇదేంది?"

చెప్పాను. జన్నారం, పళ్లసెట్టు, రాజన్న, శ్రావణి, మూడో పలక, అన్నీ చెప్పాను. వింటూనే ఆయన విమానం మొండెం రెండు సగాలను ఫ్రేము నుంచి కత్తిరించి, టేపుతో జతచేసి, ముందు అద్దం ఆనించి, దాని వెనక నా కప్పు పెట్టారు.

కప్పు సరిగ్గా కూర్చోలేదు. వెంట్రుకవాసి పైకి నిలిచింది. నేను అచ్చును అసలు కప్పు కొలతకే చెక్కించాను. దాని మీద పలక మందం కలుస్తుందని మరిచాను. పదిమందికి చెప్పే పాఠం అది.

ఆయన కప్పును తీయలేదు. వేలికొసతో నెమ్మదిగా వెనక్కి జరిపారు. అది విమానం వీపు మీదికి జారి, రెండు పక్కలా సరిగ్గా ఆని, ఆగింది.

"తాయి, ఇటు సూడుండ్రి." ఆయన గొంతు మారింది. "అసలు ఇమానంల కప్పు వీపు మీదికి జరగాలె అంటె వీపు కంటె జర వెడల్పు ఉండాలె గద. కంపెనీ ఇచ్చేది మూసిపెట్టనీకి సరిపోతది, తెరిస్తె ఎన్నడు కూసోది. నాకు తెరిచే పెట్టాలె అని ఉండె, ఎట్లనో తెల్వకుండె. గిది కూసున్నది."

వంటింటి గడప మీద నుంచి అత్తమ్మ అంది, "మరి బర్మల ఎండలకు అద్దం మూసుకొని ఎవడు కూసుంటడయ్యా?"

ఆయన నవ్వారు. నవ్వుతూనే నా వైపు తిరిగి తల దించారు. "రాకుమన్న. పెద్ద తప్పు మాట అన్న. మాఫ్ చెయ్యుండ్రి."

"నేను మీ పెట్టె నదీ ఒడ్డున విప్పినా. అది చిన్న తప్పా?" అన్నాను.

"ఇద్దరిది అయిపాయె. భాకర్ చల్లారుతున్నది," అన్నారు మంగలగారు.

జొన్నరొట్టె, శనగపిండితో చేసిన పిట్ల, రోట్లో దంచిన పచ్చిమిర్చి ఠేచా. మేం జొన్నరొట్టెను కూరకు తోడుగా తింటాం. వాళ్లు రొట్టెను చేత్తో నలిపి, పిట్లలో కలిపి, పైన పచ్చినూనె పోసుకుని తింటారు. ఠేచాకు నా చెవుల్లో పొగలు వచ్చాయి. దిగంబర్‌రావుగారు నాలుగు రొట్టెలు తిన్నారు. మంగలగారు ప్రతి రొట్టెకూ నా వైపు చూసి కళ్లతో నవ్వారు.

తర్వాత ఆయన తన అర్ర, విమానాలు కట్టే గది, చూపించారు. అద్దాల బీరువాలో విమానాలే విమానాలు. అన్నీ ఆ యుద్ధకాలంవే. ఎందుకు ఇవే అని అడిగాను.

"మా ఊళ్ల పాత ఇమానాల మైదానం ఉన్నది. నైజాం కాలంల దాంట్ల ఇమానాలు దిగేవని మా బాబా చెప్పిండు. ఏవి దిగినయో ఆయనకు తెల్వది. ఊళ్ల ఎవరిని అడిగినా తెల్వదన్నరు. అందుకే దిగి ఉండొచ్చు అనిపించినయన్ని ఒక్కొక్కటి చేస్తున్న."

"హయబుసా దిగి ఉండదు కదా. అది శత్రువుల విమానం."

"దిగలే. కని దానికి ఎదురు పోవాలనే గద తాయి, ఇవన్ని లేచినయి. అది లేకుంట బీరువ ఎట్ల నిండుతది?"

రాజన్న చెక్కిన టేకు అచ్చును ఆయనకే ఇచ్చేశాను. రెండు చేతులతో తీసుకున్నారు.

మైదానం

మరునాడు పొద్దున అటుకుల పోహా తిని, తిరుగు ప్రయాణానికి ముందు అందరం ఆ మైదానానికి వెళ్లాం. చూడటానికి ఏమీ లేదు. చుట్టూ ఊరు పెరిగింది, మధ్యలో విశాలంగా ఎండుగడ్డి, గట్టి నేల. స్వెట్టర్లు వేసుకుని నడిచేవాళ్లు, మేకలు, దూరంగా మంచులో కొండల గీత. ఆకాశం మాత్రం ఇంకెక్కడా ఇంత పెద్దగా కనిపించదు.

దిగంబర్‌రావుగారు ఒక డబ్బాలో నుంచి తను ఇదివరకు కట్టిన హరికేన్ విమానాన్ని తీశారు. చిన్న ముక్కాలి బల్ల మీద మట్టి అంటించిన పలక పెట్టి, దాని మీద విమానాన్ని నిలిపి, తను నేల మీద బోర్లా పడుకుని ఫోన్ పట్టారు. నన్నూ పడుకుని చూడమన్నారు. నేనూ చలిగడ్డి మీద బోర్లా పడుకున్నాను. ఫోన్ తెరలో పలక అంచు నేలలో కలిసిపోయింది. విమానం మైదానంలో నిలబడి ఉంది. అప్పుడే దిగినట్టు, ఇంజను ఇంకా వేడిగా ఉన్నట్టు.

అత్తమ్మ వచ్చి వంగి చూసింది. ఆమె ఎప్పుడూ విమానం ఎక్కలేదు. మస్కట్ వెళ్లే తమ్ముడిని సాగనంపడానికి ఒకసారి హైదరాబాదు పోయి, విమానాశ్రయం గాజుతలుపు దగ్గరే ఆగి వచ్చింది.

"నేను దాని పక్కన నిలవడితె పడ్తనా?" అని అడిగింది.

దిగంబర్‌రావుగారు లేచి కూర్చున్నారు. "పడ్తరు. కని దూరం పోవాలె. దూరం పోతె ఇమానమంత అయితరు."

ఆమె శాలువా సర్దుకుని మైదానంలోకి నడిచింది. మేకల మందను దాటి, నడిచేవాళ్లను దాటి పోతూనే ఉంది. మేం చెయ్యి ఊపాక ఆగి మా వైపు తిరిగింది. నేను మళ్లీ బోర్లా పడుకున్నాను. తెరలో అత్తమ్మ విమానం రెక్క అవతల నిలబడి ఉంది, సరిగ్గా పైలట్ అంత ఎత్తున.

"కుడిచెయ్యి ఎత్తు అత్తమ్మా," అని కేక వేశాను. "ఇంకొంచెం కింద. ఎడమకు ఒకడుగు. ఇంకొక్కటి."

ఆమె ఖాళీ గాలిలో చెయ్యి చాచి అడుగులు వేస్తోంది. నడకకు వచ్చిన ఇద్దరు ఆగి చూస్తున్నారు. ఆమె వాళ్లను పట్టించుకోలేదు. తెరలో ఆమె అరచెయ్యి రెక్క కొసకు వచ్చి ఆనింది.

"అక్కడే, కదలకు. రెక్క మీద ఉంది నీ చెయ్యి."

ఆమె కదలలేదు. ఫొటో తీశాక కూడా చెయ్యి దించలేదు. మంచు గాలిలో అరచెయ్యి అలాగే ఉంచి, అంత దూరం నుంచి మాకు వినపడేట్టు అంది.

"సల్లగున్నది బిడ్డా, రెక్క."